తొమ్మిది మంది లెక్కలో లేరు

ఆ రోజు ఉదయం కొత్త టీచరు వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. తరవాత జరిగినదానికి అందరూ ఆవిణ్ణే అన్నారు గానీ, ఆ పథకంలో ఉన్నవల్లా ఆరు ఎర్ర టోపీలు, ఒక సుద్దముక్క, ఇరవై మంది పిల్లలు. వీటివల్ల ముప్పు వస్తుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆవిడ ఆ బడికి వచ్చి మూడేళ్లయింది. అయినా అందరూ కొత్త టీచరనే పిలిచేవారు, ఎందుకంటే ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఏటా ఫైలు పైకి వెళ్ళేది, ఏటా ఏదో ఒక కాగితం తక్కువైందని తిరిగొచ్చేది. ఈసారి కాగితాలన్నీ ఉన్నాయి. తనిఖీ అధికారిణి వచ్చి, పాఠం చూసి, బాగుందని సంతకం పెడితే పర్మనెంటు. పెట్టకపోతే నెలాఖరుకి ఇంటికి.

"ఈసారైనా తేలుతుందా అమ్మాయ్?" అంది అత్తగారు, పాత ఎర్ర పరదా గుడ్డతో తాను కుట్టిన టోపీలు సంచిలో సర్దుతూ.

"తేలుతుంది అత్తయ్యా. ఎటు తేలుతుందో తెలీదు గానీ, తేలడం మాత్రం ఖాయం."

"అలా అనకమ్మా. రెండేసి కుట్లు వేశాను. పిల్లలు పీక్కున్నా ఊడిరావు."

టోపీల అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి. రెండో తరగతి పిల్లలకి మామూలు కూడిక నీళ్ళు తాగినంత సులువుగా వచ్చు. చిక్కల్లా క్యారీతోనే. ముప్ఫై ఏడుకి ఇరవై ఎనిమిది కలపమంటే, ఏడూ ఎనిమిదీ పదిహేను అని ఆ పదిహేనుని అక్కడే వేసేసి, మూడూ రెండూ ఐదు అని దాని ముందు ఐదు వేసి, ఐదు వందల పదిహేను తెచ్చేవారు. ఒకరూ ఇద్దరూ కాదు, ఇరవై మందీ తెచ్చేవారు. మూడు వారాలు ఆవిడ చెప్పని తీరు లేదు. పుల్లలు కట్టలు కట్టింది, గింజలు పోసింది, గొంతు పోగొట్టుకుంది. చివరికి రేడియో అని అందరూ పిలిచే పిల్లాడు లేచి, "అరవై ఐదు కంటే ఐదు వందల పదిహేను పెద్దది కదా టీచర్! ఎక్కువొస్తే మంచిదేగా?" అన్నాడు. వాడికి ఆ పేరు ఊరికే రాలేదు. పొద్దున్న బడిగంటతో మొదలుపెడితే సాయంత్రం గంట కొట్టేదాకా ఆపడు.

పుల్లలూ గింజలూ లాభం లేదు, పిల్లలనే అంకెలు చేద్దామని ఆవిడకి అప్పుడే తోచింది.

తొమ్మిదింటికల్లా తరగతి ముందున్న వరండాలో సుద్దతో రెండు పెద్ద గడులు గీసింది. కుడివైపు ఒకట్లు, ఎడమవైపు పదులు. టోపీ ఉన్నవాడు పది, లేనివాడు ఒకటి. పై వరసలో ముగ్గురు టోపీలవాళ్ళు, ఏడుగురు ఉత్తతలలవాళ్ళు నిలబడ్డారు. అది ముప్ఫై ఏడు. కింది వరసలో ఇద్దరు టోపీలవాళ్ళు, ఎనిమిది మంది ఉత్తతలలు. అది ఇరవై ఎనిమిది. హాజరుపట్టీలో ఉన్న ఇరవై మందీ లెక్కకి అతికినట్టు సరిపోయారు.

"ఒకట్ల గడిలో తొమ్మిది మందికే చోటు. పదో మనిషొస్తే ఏమవుతుంది?"

"పట్టరు టీచర్!"

"పట్టరు. అందుకని పది మందీ చేతులు పట్టుకుని ఒక్కడైపోతారు. ఆ ఒక్కడు టోపీ పెట్టుకుని పదుల గడిలోకి వెళ్ళిపోతాడు. అదే క్యారీ."

పది మంది చేతులు పట్టుకున్నారు. వాళ్ళలో పిడుగు అనే పొట్టివాడికి ఆరో టోపీ దక్కింది. వాడు దాన్ని రెండు చేతులా సర్దుకుని, పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు నడిచినంత ఠీవిగా పదుల గడిలోకి నడిచాడు.

"మరి మా సంగతేంటి టీచర్?" అన్నాడు రేడియో.

ఆ సంగతి ఆవిడ ఆలోచించలేదు. పుల్లలైతే కట్టలోనే ఉండిపోతాయి. పిల్లలు అలా ఉండరు కదా. మిగిలిన తొమ్మిది మందీ ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు.

"మీరు తొమ్మిది మందీ ఇప్పుడు పిడుగులో ఉన్నారు. బయట కనబడితే లెక్క తప్పుతుంది. ఆ చివర ఆటసామాను గది ఉందిగా, అందులోకెళ్ళి కూచోండి. కనబడకూడదు, వినబడకూడదు. ఎవరు పిలిచినా పలకొద్దు, నేను పిలిచినా సరే."

"అంటే మేం లేనట్టా?"

"లేనట్టే."

తొమ్మిది మందీ చప్పుడు లేకుండా వెళ్ళిపోయారు. వరండాలో ఆరుగురు టోపీలవాళ్ళు, ఐదుగురు ఉత్తతలలవాళ్ళు మిగిలారు. తరగతిలో తగువులన్నీ తీర్చే పిల్లని అందరూ జడ్జి అంటారు. ఆ పిల్ల వేలు చూపిస్తూ రెండుసార్లు లెక్కపెట్టి, "అరవై ఐదు," అని తీర్పు చెప్పింది. కొత్త టీచరుకి కళ్ళు చెమర్చాయి. మూడు వారాల్లో ఐదు వందల పదిహేను రాని మొదటి ఉదయం అది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు కబురు పెట్టారు. ఆయన మంచి మనిషే గానీ, తనిఖీ అంటే ఆయనకి చెమటలు పడతాయి. అందుకని ఆ రోజు జేబులో రెండు రుమాళ్ళు పెట్టుకుని వచ్చారు. ఆవిడ ఫైల్లో పధ్నాలుగు చోట్ల సంతకాలు కావాలట, ఇప్పుడే కావాలట.

"ఐదు నిమిషాల్లో వచ్చేస్తాను. ఎవరూ ఉన్నచోటి నుంచి కదలొద్దు," అని జడ్జికి పెత్తనం అప్పగించి ఆవిడ ఆఫీసుగదిలోకి వెళ్ళింది. పధ్నాలుగు సంతకాలకి నలభై నిమిషాలు పట్టింది. ప్రతి సంతకానికీ హెడ్మాస్టరు రుమాలు తీసి నుదురు తుడుచుకుని, పై సంతకంతో పోల్చి చూసి గానీ పేజీ తిప్పలేదు.

ఆ నలభై నిమిషాల్లో రెండు పనులు జరిగాయి. రెండూ బాధ్యత తెలిసినవాళ్ళు చేసినవే.

మొదటిది అటెండరు చేశాడు. తనిఖీ రోజున అక్కర్లేని గది ఏదీ తెరిచి ఉండకూడదని హెడ్మాస్టరు ఆయనకి ముందురోజే చెప్పారు. ఆటసామాను గది తలుపు బార్లా తీసి ఉండటం చూసి, ఆయన లోపలికి తొంగిచూశాడు. చుట్టిన చాపలు, విరిగిన కుర్చీలు తప్ప ఏమీ కనబడలేదు. తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, అధికారిణికి బిస్కెట్లు తేవడానికి సైకిలెక్కాడు.

రెండోది వంటామె చేసింది. రోజూ పదింటికి ఆవిడ తరగతి తరగతికీ తిరిగి, మధ్యాహ్నం ఎంతమందికి వండాలో అడిగి పలకమీద రాసుకుంటుంది.

"ఏమ్మా, ఎంతమందివాళ మీ తరగతిలో?"

జడ్జి ఉన్నచోటి నుంచి కదలకుండా, "అరవై ఐదు," అంది.

"అరవై ఐదా? సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను. ఆరు పదులూ, ఐదు ఒకట్లూ."

మరో మనిషైతే ఇంకో ప్రశ్న వేసేది. వంటామెది ఇరవై ఏళ్ల అనుభవం. తనిఖీ రోజున బడులు నిండుగా కనబడాలని ఎక్కడెక్కడి పిల్లల్నో తెచ్చి కూచోబెట్టిన రోజులు ఆవిడ చూసింది. ఇదీ అలాంటి ఏర్పాటే అనుకుంది. అడిగి హెడ్మాస్టర్ని ఇబ్బంది పెట్టడమెందుకని కిమ్మనకుండా పలకమీద "రెండో తరగతి: 65" అని రాసి, దాన్ని వంటగది తలుపుకి తగిలించి, పెద్ద గిన్నె పొయ్యెక్కించింది.

అధికారిణి పదిన్నరకి రావలసింది, పదీ పదికే వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. గొంతు పెంచదు, నవ్వదు, ఏది చూసినా లెక్కపెడుతుంది. గేటు దాటగానే వంటగది తలుపు ముందు ఆగింది.

"రెండో తరగతి హాజరుపట్టీలో ఎంతమంది?"

"ఇరవై మందండి," అన్నారు హెడ్మాస్టరు.

"మరి ఈ అరవై ఐదేమిటి?"

హెడ్మాస్టరు పలక చూశారు. మొదటి రుమాలు అక్కడే తడిసిపోయింది. బడి పరువు కాపాడే భారం తనమీద పడిందని వంటామెకి అర్థమైంది.

"పిల్లలు బాగా తింటారండి మేడమ్," అంది. "ఒక్కొక్కడు ముగ్గురి తిండి తింటాడు."

అధికారిణి డైరీలో ఏదో రాసుకుంది. లేని పిల్లల పేరున భోజనాలు రాస్తే ఎవరి ఉద్యోగం పోతుందో ఆ బడిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొత్త టీచరు అప్పుడే ఫైలుతో హెడ్మాస్టరు వెంట ఆఫీసుగదిలోంచి వచ్చి పక్కనే నిలబడింది. అరవై ఐదు ఎక్కడిదో ఆవిడకి ఠక్కున తట్టింది గానీ, చెప్పబోయేలోపే అధికారిణి వరండా వైపు నడిచేసింది.

వరండాలో పదకొండు మంది పిల్లలు, సుద్దగీతల మధ్య, బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఆరుగురి నెత్తిన ఎర్ర టోపీలు.

"పట్టీలో ఇరవై," అంది అధికారిణి. "వంటగదిలో అరవై ఐదు. ఇక్కడ పదకొండు. ఇందులో ఏది నిజం?"

"మూడూ నిజమేనండి," అంది కొత్త టీచరు. "నేను చెప్తాను మేడమ్. మిగతా తొమ్మిది మందీ ఆ గదిలో ఉన్నారు."

ఆవిడ గబగబా ఆటసామాను గది దగ్గరికి వెళ్ళింది. తాళం! చెవి అటెండరు జేబులో, అటెండరు బిస్కెట్ల కొట్లో. తలుపు బాదింది. "నాన్నా, లోపలున్నారా?" అని పిలిచింది. పలుకు లేదు. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. ఊహూ.

ఆ గదికి ఎత్తున ఒక కిటికీ ఉంది. హెడ్మాస్టరు బల్లమీద స్టూలు వేయించుకుని, తడవని రెండో రుమాలు పళ్ళ మధ్య పెట్టుకుని ఎక్కి చూశారు.

"ఎవరూ లేరమ్మా. చాపలున్నాయి, కుర్చీలున్నాయి."

"సరిగ్గా చూడండి సార్!"

"చూశానమ్మా. అయినా ఆ రేడియోగాడు లోపలుంటే ఈపాటికి గోడలు మాట్లాడవూ?"

ఆ మాటతో ఆవిడకున్న ఆ కాస్త ఆశా పోయింది. నిజమే కదా. రేడియో నోరు మూసుకుని నలభై నిమిషాలు కూచోవడం జరిగే పని కాదు. అంటే లోపల లేరు. మరి ఎక్కడికి పోయారు? బడి ముందు లారీలు తిరిగే రోడ్డు. వెనకాల లోతైన కాలువ. తొమ్మిది మంది, ఒక్కొక్కరికీ ఏడేళ్లు.

హెడ్మాస్టరు ఆదరాబాదరా స్టూలు దిగబోయి బల్లమీద కూలబడ్డారు. వంటామె గరిటెతోనే గేటు వైపు పరుగెత్తింది. మిగతా తరగతుల టీచర్లు బయటికొచ్చారు. ఒకరు కాలువ దగ్గరికి, ఒకరు రోడ్డుమీదికి పరుగు తీశారు. ఇంత గొడవ జరుగుతున్నా వరండాలో పదకొండు మందీ కదల్లేదు. కదలొద్దని టీచరు చెప్పింది మరి.

"మీ ఫైలు సంగతి," అని అధికారిణి ఏదో అనబోయింది.

"నా ఫైలు చింపేయండి మేడమ్!" అంది కొత్త టీచరు. "నాకు ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు. అందరూ కలిసి పిల్లల్ని వెతకండి. బంగారంలాంటి పిల్లలండి. నేనే, నేనే పంపాను వాళ్ళని. మీరు లేనట్టే అని నా నోటితో నేనే అన్నాను." మూడేళ్లుగా ఏ ఫైలు కోసం నిద్రలేకుండా ఎదురుచూసిందో, ఆ ఫైలు చేతిలోంచి జారి నేలమీద పడితే ఆవిడ వంగి తీయను కూడా లేదు.

అధికారిణి పిల్లల దగ్గరికి నడిచి, అందరికంటే నిటారుగా నిలబడ్డ జడ్జి ముందు ఆగింది.

"పాపా, మీ తరగతిలో మిగతా తొమ్మిది మంది ఏరి?"

"వీడిలో ఉన్నారండి," అంది జడ్జి పిడుగుని చూపిస్తూ.

పిడుగు ఒప్పుకుంటున్నట్టు తలూపాడు.

"మరి బయటికెలా వస్తారు?"

"బయటికి రావాలంటే తీసివేత చెయ్యాలండి," అంది జడ్జి. "అది మాకింకా చెప్పలేదు. వచ్చే నెలలో చెప్తారట."

కొత్త టీచరు చటుక్కున తలెత్తింది. అధికారిణి ఆవిడ వైపు తిరిగి, "వచ్చే నెలదాకా ఆగలేం. ఇప్పుడే చెప్పండి," అంది.

కొత్త టీచరు కొంగుతో ముఖం తుడుచుకుంది. సుద్దముక్క తీసుకుని గడుల ముందు నిలబడింది. గొంతు మాత్రం రోజూ పాఠం చెప్పే గొంతే.

"మన దగ్గర అరవై ఐదుంది. ఇందులోంచి ఏడు తీసేయాలి. ఒకట్ల గడిలో ఎంతమంది?"

"ఐదుగురు టీచర్!"

"ఐదుగురిలోంచి ఏడుగురు పోతారా?"

"చాలరు టీచర్!"

"చాలకపోతే ఎవర్నడగాలి?"

ఎవరూ చెప్పని పాఠం అది. జడ్జి నెమ్మదిగా పక్క గడి వైపు చూసింది. "పక్కింటివాళ్ళని," అంది. "ఒక పదిని ఇమ్మనాలి."

"ఇమ్మను."

"ఒరేయ్ పిడుగూ, ఇటురా," అంది జడ్జి.

పిడుగు పదుల గడి దాటి ఒకట్ల గడిలోకి వచ్చాడు. టోపీ వదలడం వాడికి ప్రాణసంకటంగా ఉంది. రెండు చేతులతో లాగితే గానీ ఊడలేదు, అత్తగారి కుట్టు అలాంటిది.

"టోపీ తీశాక నువ్వెంత?" అని గట్టిగా అడిగింది కొత్త టీచరు.

"ఒకటే టీచర్!"

"మరి నీలో ఉన్న మిగతా తొమ్మిది?"

వరండా చివర తాళం వేసిన తలుపు ఒక్కసారిగా దడదడలాడింది. "ఇక్కడున్నాం టీచర్! వచ్చేశాం! తలుపు తియ్యండి! చాపల్లో చుట్టుకుని పడుకున్నాం, దుమ్ము, నాకు నాలుగు తుమ్ములొచ్చాయి, నాలుగూ మింగేశాను, హెడ్మాస్టరుగారు కిటికీలోంచి చూశారు, ఆయన నోట్లో రుమాలుంది!" రేడియో నలభై నిమిషాల బాకీ ఒక్క ఊపిరిలో తీర్చేస్తున్నాడు. ఆ వాగుడు వింటూ కొత్త టీచరు వరండా మెట్టుమీద కూచుని, అధికారిణి ముందే, భోరున ఏడ్చేసింది.

బిస్కెట్ల పొట్లంతో వచ్చిన అటెండరు తాళం తీశాడు. "చూసే వేశానండి, ఎవరూ లేరు," అన్నాడు, తన కళ్ళముందే బయటికొస్తున్న తొమ్మిది మందినీ చూస్తూ.

అధికారిణి వాళ్ళని వరసగా నిలబెట్టి లెక్కపెట్టింది. "అంతసేపు పిలిస్తే ఎందుకు పలకలేదు మీరు?"

"మేం లేము కదండీ," అన్నాడు రేడియో.

అధికారిణి ఇరవై మందినీ గడుల ముందు కూచోబెట్టి, ఇరవై మూడుకి పధ్నాలుగు కలపమంది. ముప్ఫై ఏడు వచ్చింది. క్యారీ ఏదని అడిగితే, "మూడూ నాలుగూ ఏడేనండి. గడి పట్టింది. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు పిడుగు. నలభై ఆరుకి ముప్ఫై ఎనిమిది కలపమంటే, ఎనభై నాలుగు తెచ్చి, ఎవరు ఎక్కడికి వెళ్ళారో కూడా చెప్పారు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఏడు వందల పధ్నాలుగు తేలేదు. వంటగది పలకమీది అరవై ఐదు ఎక్కడిదో అర్థమైన అధికారిణి డైరీలో రాసుకున్నది కొట్టేసింది.

ఆ తరవాత ఆఫీసుగది తలుపు మూశారు. అధికారిణి ఫైలు తెరిచి ముందు పెట్టుకుంది. కొత్త టీచరు కుర్చీలో కూచోకుండా గోడ పక్కనే నిలబడింది. ఏం వినవలసి వస్తుందో ఆవిడకి తెలుసు, దానికి సిద్ధంగానే ఉంది. పిల్లలు క్షేమం, ఇంక ఏమైనా ఫరవాలేదు.

"తొమ్మిది మంది పిల్లల్ని నలభై నిమిషాలు ఎవరూ చూడకుండా వదిలేయడం చిన్న తప్పు కాదు," అంది అధికారిణి. "దీనికి మెమో ఇచ్చి తీరాలి."

"ఇవ్వండి మేడమ్. తప్పు నాదే."

"ఇవ్వడానికి వీల్లేదు. అదే నా బాధ." అధికారిణి నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పింది. "మెమో పర్మనెంటు ఉద్యోగులకే ఇవ్వాలి. తాత్కాలికంగా పనిచేసేవాళ్ళని పంపించేయొచ్చు గానీ, మెమో ఇచ్చే అధికారం నాకు లేదు. చేసిన తప్పుకి తగిన శిక్ష వేయకుండా మిమ్మల్ని ఊరికే ఇంటికి పంపడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు."

హెడ్మాస్టరు రెండో రుమాలు కోసం జేబు తడుముకున్నారు.

అధికారిణి కలం మూత తీసి, ఫైలు చివరి పేజీలో సంతకం పెట్టి, తేదీ వేసి, సమయం కూడా వేసింది. పదకొండూ నలభై. తరవాత తెల్లకాగితం తీసుకుని, తొమ్మిది మంది విద్యార్థులను లెక్కలో లేకుండా చేసినందుకు పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసిందని మెమో రాసింది. దానిమీద పదకొండూ నలభై ఐదు అని వేసి, ముఖంలో ఏ మార్పూ లేకుండా అందించింది.

కొత్త టీచరు ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని మూడుసార్లు చదువుకుంది. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

పాతికేళ్ల సర్వీసులో తనకు పదకొండు మెమోలు వచ్చాయని, అందులో ఏ ఒక్కదానికీ తానింత సంతోషించిన గుర్తు లేదని హెడ్మాస్టరు తరవాత వంటామెతో అన్నారు.